దివిటీ పట్టేవాడి వాటా



ఒక గుహ అడుగున 5,000 బంగారు నాణేలున్న పెట్టె దొరికిందనుకోండి. కాపలా కాసిన రాక్షసుడు చచ్చాడు. మీరు నలుగురు వీరులు. ఆ పెట్టెను పైకి ఎవరు తెస్తారు? డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటలో, పాత నిబంధనల ప్రకారం 10 నాణేలు ఒక పౌను తూగుతాయి. అంటే ఆ పెట్టెలో ఉన్నది 500 పౌన్లు, మన లెక్కలో 225 కిలోల పైమాటే. 1981లో వచ్చిన నిబంధనల పుస్తకం ఒక మనిషి మోయగలిగే బరువును 1,600 నాణేల దగ్గర ఆపేసింది. అదీ కాళ్లీడ్చుకుంటూ నడిస్తేనే. మామూలు నడక నడవాలంటే ఒంటి మీద 400 నాణేల బరువుకు మించకూడదు. కత్తి, డాలు, కవచం కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కాబట్టి నలుగురు వీరులు మామూలు నడక నడుస్తూ ఆ సొమ్మంతా ఒక్కసారిగా పైకి తేలేరు. మోసేవాళ్లు కావాలి. చీకట్లో దివిటీ పట్టేవాడు కావాలి. గుహ బయట గుర్రాలను కాసేవాడు కావాలి. వాళ్లను ఊళ్లోనే జీతానికి మాట్లాడుకుని వెంట తెచ్చుకోవాలి. ఈ రోజు నేను చెప్పబోయేది వాళ్ల గురించే. వాళ్ల జీతం, బత్తెం, వాటా గురించి.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఇది బల్ల చుట్టూ కూర్చుని మాటలతో ఆడే ఆట. ఒకరు కథ నడుపుతారు. ఆయన్ని డీఎం అంటారు, అంటే డంజన్ మాస్టర్. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు: ఒకరు కత్తి పట్టిన యోధుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు తాళాలు తీయగల దొంగ. ఎవరు ఏం చేస్తారో నోటితో చెబుతారు. అది ఫలించిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కొన్ని కథలు నెలల తరబడి సాగుతాయి. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో మూడు చిన్న పుస్తకాలుగా దీన్ని ప్రచురించారు. ఆర్నెసన్ మినెసోటా విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివినవాడు. బొమ్మ సైనికులతో పాతకాలపు యుద్ధాలు ఆడుకునే కుర్రాళ్ల మధ్య ఈ ఆలోచన మొలిచింది. యుద్ధాల ఆట నుంచి పుట్టింది కాబట్టే జీతం, రసదు, బరువు లెక్కలు మొదటి నుంచీ ఇందులో ఉన్నాయి.

హైదరాబాద్‌లోని తార్నాకలోనూ ఈ ఆట ఆడతారు. ఉస్మానియాలో పీజీ చేసేవాళ్లు, పరిశోధన విద్యార్థులు, హబ్సిగూడ వైపున్న సైన్సు సంస్థల్లో పనిచేసే కుర్రాళ్లు కలిసి అద్దె గదుల్లో ఉండే పేట ఇది. మా జట్టు కూడా అలాంటిదే. కథ నడిపే పని నాది. జట్టులో చరిత్ర చదివేవాళ్లున్నారు, కెమిస్ట్రీ చదివేవాళ్లున్నారు, బ్యాంకు పరీక్షలకు కూర్చున్నవాళ్లున్నారు. తెలుగు, ఇంగ్లీషు, హైదరాబాదీ ఉర్దూ కలిసిన భాషలో రాక్షసులను చంపుతాం.

మొదటి పుస్తకంలోనే ఒక చక్కని ఏర్పాటు ఉంది. ప్రతి పాత్రకూ బలం, తెలివి, చురుకుదనం లాంటి ఆరు గుణాలకు అంకెలుంటాయి. ఆరో గుణాన్ని కరిజ్మా అంటారు. మనిషిలోని ఆకర్షణ, నలుగురిని వెంట నడిపించగల శక్తి అది. ఈ కాలపు ఆటగాళ్లు దాన్ని మాటకారితనంగా చూస్తారు. 1974 పుస్తకం మాత్రం దానికి సూటి లెక్క కట్టింది. నీ కరిజ్మాను బట్టి నిన్ను నమ్మి నీ వెంట నిలబడే అనుచరులు ఎంతమందో ఒక పట్టికలో ఉంటుంది. అట్టడుగు అంకె ఉన్నవాడి వెంట ఒక్కడే వస్తాడు, అన్నిటికన్నా పై అంకె ఉన్నవాడి వెంట 12 మంది. 1981 పుస్తకం ఇంకో అడుగు ముందుకు వేసింది. నీ కరిజ్మాను బట్టే నీ బంట్ల గుండె నిబ్బరానికీ అంకె వస్తుంది. దాన్ని మొరేల్ అంటారు. అనుకున్నదానికన్నా పెద్ద అపాయం ఎదురైనప్పుడు డీఎం రెండు పాచికలు వేస్తాడు. మొత్తం ఆ అంకెను మించిందా, దివిటీ కింద పడేసి బంటు పారిపోతాడు. యాత్ర ముగిశాక మళ్లీ పాచికలు వేయాలి. వీళ్ల వెంట ఇంకోసారి రావాలా వద్దా అని బంటు తేల్చుకునే ఘడియ అది. ఈ రెండో నిబంధన నాకు చాలా ఇష్టం. భయంతో పారిపోవడం ఎవరికైనా తెలిసిన సంగతే. క్షేమంగా ఇంటికి చేరి, చేతిలో పడిన డబ్బు లెక్క చూసుకుని, దారిలో తనను ఎలా చూశారో గుర్తు చేసుకుని, ఇక చాలు అనుకోవడం వేరు. ఈ ఆట ఆ రెండింటినీ విడదీసి చూసింది.

ఇక డబ్బు. 2014లో వచ్చిన అయిదో కూర్పు ధరల పట్టిక ముందు పెట్టుకుని కూర్చుంటే మనసు కలుక్కుమంటుంది. పనితనం నేర్చినవాడికి రోజుకు 2 బంగారు నాణేలు. పనితనం లేని కూలికి రోజుకు 2 వెండి నాణేలు. పది వెండి ఒక బంగారం. అంటే దివిటీ పట్టేవాడు ఒక బంగారు నాణెం కళ్లజూడాలంటే ఐదు రోజులు పనిచేయాలి. గాయం మాన్పే మామూలు మందు సీసా ధర 50 బంగారు నాణేలు, అంటే అతని 250 రోజుల కూలి. యోధుడు తొడుక్కునే పూర్తి ఇనుప కవచం 1,500. అది 7,500 రోజుల కూలి, ఇరవయ్యేళ్ల పైచిలుకు. ఆ కూలివాడికి గుహలో బాణం తగిలింది. మీ సంచిలో ఒకే ఒక్క సీసా ఉంది. పోస్తారా?

మా జట్టులో ఈ ప్రశ్న మీద ఒక సాయంత్రమంతా గడిచింది. యోధుడి పాత్ర ఆడే మిత్రుడు ముందు లెక్క చెప్పాడు: ముందింకా మూడు గదులున్నాయి, సీసా అయిపోతే మనం చస్తాం. దొంగ పాత్ర ఆడే అమ్మాయి ఎదురు లెక్క చెప్పింది: వీణ్ని వదిలేస్తే మిగతా ఇద్దరు బంట్లు చూస్తూ ఊరుకోరు, పెట్టె మోసేదెవరు? చివరికి సీసా పోశారు. నేను ఆ ఇద్దరు బంట్ల మొరేల్ అంకెను ఒకటి పెంచాను. పుస్తకంలో అలా పెంచమని లేదు. కానీ కళ్ల ముందు జరిగింది చూసిన మనిషి మారకుండా ఎలా ఉంటాడు?

వాటా సంగతికి వస్తే 1981 పుస్తకం స్పష్టంగా ఉంది. బంటుకు సామాను కొనుక్కోవడానికి ముందస్తు సొమ్ము ఇవ్వాలి, రోజువారీ ఖర్చు పెట్టుకోవాలి, దొరికిన సొత్తులో వాటా ఇవ్వాలి. ఆ ఆటలో బంగారానికి ఇంకో విలువ కూడా ఉంది. గుహలోంచి తెచ్చిన ప్రతి నాణెమూ ఒక అనుభవ పాయింటు అవుతుంది. పాయింట్లు పెరిగితే పాత్ర పై మెట్టుకు ఎక్కుతుంది. బంట్లకు మాత్రం అనుభవంలో సగమే వస్తుంది. వాళ్లు చెప్పింది చేస్తారే తప్ప సొంతంగా ఆలోచించి చిక్కులు విప్పరు కాబట్టి సగం చాలునని పుస్తకం ఇచ్చిన కారణం. ఈ కారణంతో నాకు పేచీ ఉంది. పొలం పనిలో, భవనం పనిలో, చెప్పింది చేసేవాడు ఆలోచించడని అనుకునేవాళ్లు ఆ పని దగ్గరగా చూసి ఉండరు. బరువును ఎటు వాల్చితే మెట్ల మీద జారదో మోసేవాడికే తెలుస్తుంది. మా ఆటలో బంటు సొంత ఉపాయంతో జట్టును గట్టెక్కిస్తే ఆ రోజు అతనికి పూర్తి అనుభవం ఇస్తాం.

కిరాయి తోడు, దొరికే సొమ్ము, దాచిపెట్టిన షరతు. ఈ మూడూ కలిసిన కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. కె.వి. రెడ్డి 1951లో తీసిన పాతాళభైరవి గుర్తు తెచ్చుకోండి. రాకుమారిని పెళ్లాడాలంటే తోట రాముడికి సిరి కావాలి. నేపాళ మాంత్రికుడికి గుహలోకి వెంట వచ్చే సాహసవంతుడు కావాలి. ఇద్దరికీ పొత్తు కుదిరింది. అయితే పని ఏమిటో మాంత్రికుడు పూర్తిగా చెప్పలేదు. ఆ సాహసవంతుణ్నే బలి ఇవ్వాలన్నది అతని పథకం. ఆ సంగతి రాముడికి గుహలో తెలిసింది. తెలిశాక ఎవరు బలి అయ్యారో మీకందరికీ తెలుసు. మంత్రాలు, మొసళ్లు, అప్సరసలు తీసేసి చూస్తే ఆ కథకు ఆయువుపట్టు కుదిరిన పనికీ, చెప్పని అపాయానికీ మధ్య ఉన్న తేడాయే. కొత్తగా ఆట నడపబోయేవాళ్లకు నేను ఆ సినిమా చూడమంటాను. గుహ ముందు నిలబడి చేసుకునే ఒప్పందంలో ఎంత కథ దాగుంటుందో దానికన్నా బాగా ఎవరూ చూపలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తాను. జీతగాళ్ల పద్దును ఈ ఆటలో చాలామంది విసుగుగా చూస్తారు. కానీ మనం ఆ ఆట ఆడుతున్న నేల, తెలుగు దేశంలో చాలా భాగం, అలాంటి పద్దుల మీద ముక్కలైన నేల.

తార్నాకలో మెట్రో ఎక్కి పడమటి వైపు వెళితే మెట్టుగూడ, సికింద్రాబాద్ ఈస్ట్, ఆ తర్వాత పరేడ్ గ్రౌండ్ స్టేషను. ఆ కవాతు మైదానం, సికింద్రాబాద్ ఊరు అక్కడ ఎందుకున్నాయి? హైదరాబాద్ నిజాం ఒక కిరాయి సైన్యాన్ని వదిలించుకుని ఇంకో కిరాయి సైన్యాన్ని తెచ్చుకున్నాడు కాబట్టి. కథ అంతకు ముందే మొదలైంది. 1750 ప్రాంతంలో హైదరాబాద్ గద్దె కోసం జరిగిన తగాదాల్లో సలాబత్ జంగ్‌ను నిలబెట్టింది ఫ్రెంచి సేనాని బుస్సీ దళం. ఆ దళానికి జీతాలు ఇవ్వాలి. ఖజానాలో రొక్కం లేదు. 1753లో సలాబత్ జంగ్ కోస్తాలోని ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్ల ఆదాయాన్ని ఆ సైన్యం ఖర్చుకు రాసిచ్చాడు. డబ్బు బదులు భూమి. ఇచ్చేటప్పుడు తేలికగా ఉంటుంది. అయితే ఆ శిస్తును ఎవరో ఒకరు వెళ్లి వసూలు చేసుకోవాలి. బుస్సీ ఆ పని మీదే ఉత్తరానికి బయలుదేరాడు. శిస్తు బకాయిలు, జమీందారుల మధ్య పాత కక్షలు, విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు పోరు అన్నీ కలిసి 1757 జనవరి 24న బొబ్బిలి కోట ముందు ఫ్రెంచి ఫిరంగులను నిలబెట్టాయి. బొబ్బిలి కథను మనం తాండ్ర పాపారాయుడి పౌరుషంగా, కోటలోని ఆడవాళ్ల త్యాగంగా వింటూ పెరిగాం. అది నిజమే. ఆ ఫిరంగులను అంత దూరం నడిపించిన వాటిలో ఒక జీతాల బాకీ కూడా ఉందన్నది దానికి తోడు నిజం.

1798కి వద్దాం. అప్పటికి నిజాం అలీ ఖాన్ దగ్గర ఫ్రెంచి సేనాని రేమండ్ తీర్చిదిద్దిన పెద్ద దళం ఉంది, పదివేలకు పైబడిన సిపాయిలు. ఆ ఏడాది మార్చిలో రేమండ్ చనిపోయాడు. సెప్టెంబరు 1న నిజాం ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు: ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి, కంపెనీ సైన్యాన్ని పోషించాలి. అంత పెద్ద దళం ఎదురుతిరిగితే నగరం అంటుకునేది. అక్టోబరులో ఆ దళం లొంగిపోయింది, పెద్ద పోరాటమేదీ లేకుండానే. అప్పటికే ఆ సిపాయిలకు జీతాలు బాకీ పడ్డాయి. బాకీ కోసం వాళ్లు తమ అధికారులనే పట్టి నిర్బంధించారు. కంపెనీ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, అతని సహాయకుడు మాల్కం ఆ అదను చూసి చక్రం తిప్పారు. ఎంత బాగా తర్ఫీదు పొందిన సైన్యమైనా సరే, నెలజీతం అందకపోతే ఒక్క రోజులో చేతికి రాకుండా పోతుందని ఆ సంఘటన చెబుతుంది. మా ఆటలో మొరేల్ పాచిక వేసినప్పుడల్లా నాకు ఆ అక్టోబరే గుర్తొస్తుంది.

ఆ వెంటనే కొల్లసొత్తు కథ. 1799లో శ్రీరంగపట్నం పడిపోయింది, టిప్పు సుల్తాన్ చనిపోయాడు. ఖజానాను లెక్కగట్టి అధికారం మెట్ల ప్రకారం పంచడానికి ప్రత్యేకంగా ఏజెంట్లను పెట్టారు. సేనాధిపతి జనరల్ హారిస్‌కు కొండంత వాటా, గోడలెక్కిన సిపాయికి చిటికెడు. రాజ్యాన్ని కూడా పంచుకున్నారు. నిజాంకు వచ్చిన వాటా ఏమైంది? 1792లోనూ 1799లోనూ మైసూరు నుంచి తన వంతుకు వచ్చిన నేలను, అంటే బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలులో కొంత భాగం, 1800లో కంపెనీకే అప్పగించాడు. ఎందుకు? కంపెనీ దగ్గర కిరాయికి తెచ్చుకున్న సైన్యం ఖర్చు కింద. దత్త మండలాలని పాత పుస్తకాల్లో చదువుకున్న రాయలసీమ అలా చేతులు మారింది. గుహలో తెచ్చిన పెట్టెను గుహ బయటే కిరాయి బంట్ల యజమానికి ఇచ్చేసి వీరుడు ఖాళీ చేతులతో ఇంటికి నడిచినట్లు. ఇక్కడ యజమాని అన్న మాట ఏమరుపాటున వాడలేదు. సిపాయికి దక్కింది కొద్దిపాటి జీతం. నేల దక్కింది ఆ సిపాయిని కిరాయికి తిప్పిన కంపెనీకి. కిరాయి మనిషినీ, కిరాయి వ్యాపారినీ ఒకే గాటన కట్టకూడదు.

మూడో ముక్క బీరారు. హైదరాబాద్ కంటింజెంట్ అని మరో దళం ఉండేది. ఖర్చు నిజాంది, అధికారులు ఇంగ్లీషువాళ్లు. జీతాలు ఆలస్యమైనప్పుడల్లా కంపెనీ అప్పుగా ఇచ్చి, వడ్డీ కట్టి, పద్దు పెంచుతూ వచ్చింది. 1853 మేలో ఆ పద్దు కింద పత్తి పండే బీరారును, దానితో పాటు రాయచూరు దోఆబ్‌ను, నల్‌దుర్గ్ వైపు జిల్లాలను అప్పటి నిజాం నాసిరుద్దౌలా కంపెనీ అజమాయిషీకి అప్పగించాల్సి వచ్చింది. రాయచూరు, నల్‌దుర్గ్ కొన్నేళ్లకు తిరిగొచ్చాయి. బీరారు రాలేదు. 1902లో శాశ్వత కౌలు పేరుతో ఆ ఆశ కూడా తీరిపోయింది.

కోస్తా, సీమ, బీరారు. వందేళ్లలో మూడుసార్లు ఒకే తీరు. యుద్ధంలో ఓడి పోగొట్టుకున్న నేల కాదిది. జీతం రొక్కంగా ఇవ్వలేక, నేల రాసిచ్చి పోగొట్టుకున్నది. మా ఉస్మానియా విశ్వవిద్యాలయం నిలబడ్డ నేలకు కూడా ఇలాంటి వెనుకటి కథే ఉంది. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో లేవడానికి చాలాముందు ఆ అడిక్‌మెట్ ప్రాంతం నిజాం అలీ ఖాన్ కొలువులోని కవయిత్రి మహలఖా బాయి చందా జాగీరు. నిజాం దండయాత్రలకు వెళితే ఆమె కూడా వెంట వెళ్లేది. కొలువుకు ప్రతిఫలంగా నేల ఇవ్వడం ఆ కాలపు పద్ధతి. ఒక్కో జాగీరు ఇచ్చినప్పుడల్లా ఖజానాకు వచ్చే రాబడి కొంత తగ్గుతుంది. రాబడి తగ్గితే రేపటి జీతం మళ్లీ నేలగానే ఇవ్వాలి.

కౌటిల్యుడికి ఈ లెక్కలన్నీ ముందే తెలుసు. అర్థశాస్త్రం తొమ్మిదో అధికరణంలో సైన్యాన్ని ఆరు రకాలు చేశాడు: తరతరాలుగా కొలిచే మౌలబలం, జీతానికి వచ్చే భృతబలం, శ్రేణుల బలం, మిత్రుడి బలం, శత్రువు బలం, అడవి తెగల బలం. వరసలో ముందున్నది వెనకదానికన్నా మేలన్నాడు. జీతానికి వచ్చినవాణ్ని ఆయన రెండో స్థానంలో పెట్టడం గమనించండి. చివరి రెండు రకాలూ కొల్ల కోసమే వస్తాయనీ, కొల్ల దొరకనప్పుడూ రాజుకు కష్టం వచ్చినప్పుడూ వాళ్లు ఇంట్లోని పాములాంటివాళ్లనీ హెచ్చరించాడు. జీతం తీసుకునేవాడికీ, కొల్ల మీద మాత్రమే కన్నున్నవాడికీ ఎంత తేడా ఉందో ఆయనకు తెలుసు. ఇంకో చోట, ఐదో అధికరణంలో, జీతాల గురించి చెబుతూ పనిలో ఉండగా చనిపోయినవాడి భార్యాబిడ్డలకు తిండీ జీతమూ అందాలన్నాడు. కఠినుడని పేరుపడ్డ కౌటిల్యుడు ఈ నియమాన్ని మర్చిపోలేదు.

ఈ నియమాన్ని మా ఆటలోకి యథాతథంగా తెచ్చాను. కథ మొదట్లో వీరులు ఒక సత్రం దగ్గర మల్లేశు అనే కుర్రాణ్ని దివిటీకి మాట్లాడుకున్నారు. అతని మాటలు నేనే పలకాలి. గుహ ముందు ఆగిపోయాడు.

“అన్నా, రోజుకు రెండు వెండి అన్నవ్. లోపల పాములున్నయని చెప్పలే.”

“సరే, మూడు తీస్కో,” అన్నాడు యోధుడు.

“పైసల మాట కాదన్నా. నేను లోపల్నే పోతే మా అమ్మకు ఎవరిస్తరు? ఆ మాట చెప్పు ముందు.”

బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంతవరకు మల్లేశు వాళ్లకు ఒక దివిటీ. ఆ ప్రశ్నతో మనిషయ్యాడు. దొంగ పాత్ర ఆడే అమ్మాయి నోటుబుక్కు తీసి కొత్త పేజీలో అతని పేరు, ఊరు, తల్లి ఉండే వాడ, ఒప్పుకున్న కూలి, అపాయం ఎక్కువైతే ఇచ్చే అదనం, చనిపోతే తల్లికి చేరాల్సిన సొమ్ము రాసింది. అప్పటి నుంచి ఆ నోటుబుక్కే మా జట్టుకు పద్దు. ఆమె మా ఖజానాదారు.

ఆ పద్దు ఎలా నడుస్తుందో చెబుతాను, మీ ఇళ్లలో పిల్లలెవరైనా ఈ ఆట ఆడుతుంటే పనికొస్తుంది. గుహలోకి దిగకముందే వాటా తెగాలి. సొమ్ము కంటపడ్డాక చేసే బేరంలో న్యాయం నిలవదు. మా పద్ధతిలో వీరుడిది ఒక వంతు, బంటుది అర వంతు. నలుగురు వీరులు, నలుగురు బంట్లు ఉంటే మొత్తం ఆరు వంతులు. ఎవరి లెక్కకూ కాగితం అక్కర్లేదు. మాయా ఖడ్గం, మంత్రపు ఉంగరం లాంటివి వంతుల్లోకి రావు. అవి ఎవరి చేతిలో ఉంటే జట్టు బతుకుతుందో వాళ్లకు వెళతాయి. బంటుకు ఇస్తే అది అతని సొంతం, ఎరువు కాదు. ఈ చివరి మాట మీద మాకు పెద్ద వాదన జరిగింది. బంటుకు మంచి డాలు ఇచ్చి, యాత్ర అయ్యాక తిరిగి లాక్కునే ఆటగాళ్లను నేను చాలామందిని చూశాను. బంటు చనిపోతే ముందు అతని చెప్పులు విప్పుకునేవాళ్లనూ చూశాను. పుస్తకం దాన్ని ఆపదు. మా బల్ల దగ్గర చనిపోయినవాడి సొత్తు ఇంటికి చేరాలి. చేర్చడానికి ఒక ప్రయాణం కావాలి. ఆ ప్రయాణం కూడా ఆటే. ఆ వాడలో వీరులకు దొరికిన ఆతిథ్యం, విన్న కబుర్లు, ఎదురైన తిట్లు మాకు రెండు కొత్త కథలనిచ్చాయి.

కూలి రోజువారీగా చేతిలో పెట్టాలి. యాత్ర చివర్లో మొత్తంగా ఇస్తామంటే ఒప్పుకునే బంటు మా లోకంలో దొరకడు. ఖజానాదారు పద్దులో బాకీ గీత పడితే మరుసటి రోజు మొరేల్ అంకె ఒకటి తగ్గుతుంది, ఇంకో రోజుకు ఇంకొకటి. రేమండ్ దళం కథ చెప్పాక ఈ నిబంధనకు ఎవరూ అడ్డు చెప్పలేదు. బరువు ఎవరు మోస్తున్నారో కూడా పద్దులో ఉండాలి, ఎందుకంటే బంటు పారిపోతే అతని వీపున ఉన్నది కూడా పోతుంది. సొమ్మంతా ఒకడి వీపున పెట్టడం ఎంత ప్రమాదమో జట్టు ఒకసారి చూసింది. ఆ తర్వాత పంచి మోయించడం మొదలుపెట్టింది.

కంప్యూటర్ ఆటల్లోనూ కిరాయి మనుషులు ఉన్నారు, కాకపోతే అక్కడ వాళ్లతో పని సులువు. డయాబ్లో రెండో భాగంలో కిరాయి సైనికుడు వాటా అడగడు. చచ్చిపోతే రొక్కమిచ్చి బతికించుకోవచ్చు. 2001లో వచ్చిన అనుబంధంతో అతనికి కవచం, ఆయుధం తొడగడం వీలైంది. స్కైరిమ్‌లో 500 బంగారు నాణేలకు తోడు దొరుకుతుంది, వీపున ఎంత సామాను వేసినా బేరం మళ్లీ రాదు. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ మూడో భాగంలో 100కే దొరుకుతుంది. ఇవన్నీ నాకు ఇష్టమైన ఆటలే. అయితే వాటిలో బంటు నోరు తెరిచి మా అమ్మకెవరిస్తరు అని అడగడు. ఎదుటి కుర్చీలో మనిషి కూర్చుంటేనే ఆ ప్రశ్న వస్తుంది.

ఇదంతా పద్దు రాయడం కాదా, ఆడుకోవడానికి కూర్చుని గుమాస్తా పని ఎందుకు అని అడిగే మిత్రులున్నారు. వాళ్ల విసుగు నాకు అర్థమవుతుంది. మా పద్దుకు ఒక పేజీ చాలు, ప్రతి సాయంత్రం మొదట్లో కాసేపు. దానికి ప్రతిగా దొరికేది చూడండి. వీరులు గుహ ముందు నిలబడి తాము ఎవరి ప్రాణాన్ని ఎంతకు అడుగుతున్నారో పైకి పలకాల్సి వస్తుంది. రాక్షసుణ్ని చంపేటప్పుడు పాచిక మాట్లాడుతుంది. జీతం మాట్లాడేటప్పుడు ఆటగాడే మాట్లాడాలి. ఎవరు ఎలాంటివారో నాకు అక్కడే తెలిసింది. యోధుడి పాత్ర ఆడే మిత్రుడు ఇప్పుడు బేరానికి ముందే గుహలో ఏముందో తనకు తెలిసినంత చెబుతాడు. రెండు వెండికి రానివాడు, నిజం విన్నాక ఒకటిన్నరకు వచ్చిన సందర్భాలున్నాయి.

ప్రస్తుతం మా కథ ఒక చిక్కులో ఉంది. వీరులు సరిహద్దులో ఒక పాడుబడ్డ కోట గెలిచారు. దాన్ని నిలుపుకోవడానికి ముప్పైమంది విలుకాళ్లను, వాళ్ల నాయకుడితో సహా, జీతానికి పెట్టుకున్నారు. రెండు నెలలు గడిచాయి. సొమ్ము తరిగిపోయింది. విలుకాళ్ల నాయకుడు మర్యాదగా వచ్చి, జీతం ఇవ్వలేకపోతే ఫర్వాలేదు, వాగు అవతలి ఊరి శిస్తు మాకు వదిలేయండి, మేమే వసూలు చేసుకుంటాం అన్నాడు. మంత్రగత్తె పాత్ర ఆడే అబ్బాయికి అది మంచి బేరంగా తోచింది. రొక్కం మిగులుతుంది కదా అన్నాడు. ఖజానాదారు ఒప్పుకోలేదు. చరిత్ర ఎంఏ చదువుతున్న మిత్రుడు సర్కార్ల సంగతి తీశాడు. ఆ ఊరి రైతులను ఎవరైనా అడిగారా అని ఇంకొకరు లేచారు. మాయా ఖడ్గం అమ్మేస్తే నాలుగు నెలల జీతం వస్తుంది. కానీ ఆ ఖడ్గం లేకుండా ఉత్తరపు కొండల్లోకి వెళ్లలేరు. యోధుడు తన కవచం కుదువ పెడతానంటున్నాడు. నాయకుడికి వారం గడువు అడిగారు. అతను ఇచ్చాడు. ఊరి పెద్దలను కోటకు పిలిపించమని ఖజానాదారు నాకు చెప్పి పెట్టింది. వచ్చే ఆదివారం ముందు వాళ్ల మాట వింటారు, ఆ తర్వాత ఖడ్గానికి ధర కట్టిస్తారు.